విపత్తు తర్వాత పునర్నిర్మాణం: సైట్ ఇంజనీర్‌కి మొదటి రోజు నుంచి హ్యాండోవర్ దాకా

వరదో తుఫానో భూకంపమో వచ్చి పోయాక జరిగే కట్టుబడి పనులకీ, మామూలు రోజుల్లో జరిగే పనులకీ టెక్నికల్‌గా పెద్ద తేడా ఏం ఉండదు, కాంక్రీట్ అదే, స్టీల్ అదే, లెవెల్ మిషనూ అదే. తేడా అంతా ఒత్తిడిలో ఉంటుంది. జనం టార్పాలిన్ల కింద ఉంటారు, పైనుంచి రోజూ ఫోన్లు, స్లాబ్ ఎప్పుడు వేస్తారు ఎంతవరకు వచ్చింది అని, నిధులకి ఆఖరు తేదీ ఉంటుంది, మళ్ళీ వానలు దగ్గరపడుతుంటాయి, కాంట్రాక్టర్‌కేమో ఒకేసారి నాలుగైదు చోట్ల పని. ఈ హడావుడిలో ముందుగా దెబ్బ తినేది కప్పేసే పని. అంటే మట్టి కిందకి పోయేది, కాంక్రీట్ లోపలికి పోయేది, ప్లాస్టరింగ్ వెనక్కి పోయేది. పైకి కనబడేదాన్ని అందరూ చూస్తారు, లోపలిది చూసే అవకాశం మీకొక్కరికే, అదీ ఒక్కసారే. అందుకే ఈ గైడ్‌లో అన్నీ ఆ కోణం నుంచే చెప్తున్నా: ఏది ఎప్పుడు కప్పుతారు, అంతకు ముందు ఏం చూడాలి, ఏం రాసిపెట్టుకోవాలి.

స్టెప్ 1: డ్రాయింగ్ పట్టుకుని సైట్ చుట్టూ నడవండి

విపత్తు తర్వాత వచ్చే డ్రాయింగుల్లో చాలావరకు స్టాండర్డ్ డ్రాయింగులే. ఒకే స్కూల్ బిల్డింగ్ ప్లాన్ యాభై ఊళ్ళకి పంపేస్తారు, ఒకే కల్వర్ట్ (రోడ్డు కింద నీళ్ళు పోయే చిన్న కట్టడం) డ్రాయింగ్ రోడ్డు పొడుగునా వాడేస్తారు. అది తప్పని కాదు, టైమ్ లేనప్పుడు అదే దారి, కానీ ఆ డ్రాయింగ్ గీసినాయన మీ సైట్ చూడలేదు కదా. నేల రకం, వాలు, నీళ్ళు వచ్చే దిక్కు, పాత పునాదులు, కరెంటు లైన్లు, పూడిపోయిన బావులు, ఇవన్నీ మీరే చూడాలి.

వరద వచ్చిన చోటయితే ముందు చేయాల్సింది నీటి మట్టం గుర్తులు సేకరించడం. గోడల మీద బురద గీత, చెట్లకి చిక్కుకున్న చెత్త, ఇవి కొన్ని వారాల్లో మాయమైపోతాయి, వాన పడితే కడుక్కుపోతాయి, జనం ఇళ్ళకి సున్నం వేసుకుంటారు. కనీసం మూడు నాలుగు చోట్ల గుర్తు పట్టుకుని, మీ బెంచ్‌మార్క్‌కి (ఎత్తు తెలిసిన కదలని గుర్తు) లెవెల్ కలిపి రాసుకోండి. తర్వాత ప్లింత్ (బిల్డింగ్ అరుగు మట్టం) ఎత్తు ఎంత, వంతెన అడుగు ఎంత ఎత్తులో ఉండాలి అన్న వాదన వచ్చినప్పుడు ఆ ఒక్క పేజీయే కాపాడుతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళని కూడా అడగండి, నీళ్ళు ముందు ఎటునుంచి వచ్చాయి, ఎన్నాళ్ళు నిలిచాయి అని. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, వాళ్ళు చెప్పేది డిజైన్‌కి పనికొచ్చే డేటా.

2015లో సెండాయ్‌లో దేశాలన్నీ ఒప్పుకున్న ఫ్రేమ్‌వర్క్‌లో మునుపటి కన్నా మెరుగ్గా కట్టాలి అని ఒక మాట ఉంది, ప్రతి రిపోర్ట్‌లోనూ దాన్ని ఎత్తి రాస్తారు. సైట్ మీద మాత్రం దాని అర్థం సింపుల్, ఏది ఎందుకు పడిపోయిందో తెలుసుకుని అదే కారణం మళ్ళీ పెట్టకుండా కట్టడం. కల్వర్ట్ కొట్టుకుపోయిందంటే దాని తూము చిన్నదైందా, చెత్త అడ్డుపడిందా, లేక కింద మట్టి కోసుకుపోయి కూర్చుండిపోయిందా? మూడింటికీ మందు వేరు వేరు. శిథిలాలు తీసేయకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి, జేసీబీ వచ్చాక ఆధారం మిగలదు.

స్టెప్ 2: ఉన్న కట్టడాల్లోకి తొందరపడి వెళ్ళకండి

భూకంపం తర్వాత నిలబడి ఉన్న బిల్డింగ్ అంటే బాగున్న బిల్డింగ్ అని కాదు. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ దగ్గర 2010 సెప్టెంబర్‌లో 7.1 తీవ్రతతో భూకంపం వస్తే నేరుగా దానివల్ల ప్రాణనష్టం జరగలేదు, 2011 ఫిబ్రవరి 22న అంతకన్నా తక్కువ తీవ్రతతో, కానీ సిటీకి బాగా దగ్గరగా వచ్చిన దానికి 185 మంది పోయారు. మొదటిసారి కదిలిన కట్టడం రెండోసారికి బలహీనమై ఉంటుంది, అందుకే మీ స్టోరు గానీ లేబర్ షెడ్ గానీ సైట్ ఆఫీస్ గానీ పగుళ్ళున్న బిల్డింగ్‌లో పెట్టనివ్వకండి, ఎంత ఖాళీగా ఉన్నా, ఎంత ఫ్రీగా ఇస్తామన్నా సరే. పాత కట్టడం కూల్చేటప్పుడు సిమెంట్ రేకుల సంగతి కూడా చూడండి, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, పగలగొట్టకుండా తడిపి విడిగా తీయించాలి, మిగతా శిథిలాలతో కలిపి క్రష్ చేయించడం అస్సలు వద్దు.

స్టెప్ 3: ఆగాల్సిన చోట్లు ముందే రాసి ఇవ్వండి

నా లెక్కలో సూపర్‌విజన్‌లో సగం పని ఇదే. పని మొదలవ్వకముందే కాంట్రాక్టర్‌నీ, మేస్త్రీనీ కూర్చోబెట్టి ఒక కాగితం ఇవ్వండి: ఈ దశల్లో నేను చూసి సంతకం పెట్టకుండా ముందుకి పోవద్దు. పునాది తవ్వకం అడుగు, ఫుటింగ్ (కాలమ్ కింద పునాది దిమ్మ) స్టీలు, కాలమ్ స్టీలు, స్లాబ్ స్టీలు, మట్టి కప్పకముందు పైపులు, గోడ వెనక ఫిల్టర్ రాళ్ళు. ఇంతే, ఆరేడు పాయింట్లకి మించి పెట్టకండి, ఇరవై పెడితే ఎవరూ పాటించరు, మీరూ వెళ్ళలేరు.

దానితో పాటు మీవైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వాలి. ముందు రోజు చెప్తే మర్నాడు వచ్చి తీరతాను అని. మీరు రాక రెండు రోజులు పని ఆగిందంటే మూడోసారి వాళ్ళు మీకోసం ఆగరు, అందులో వాళ్ళ తప్పు కూడా పెద్దగా లేదు. ఒకేసారి చాలా సైట్లు చూస్తుంటే ఏ రోజు ఏ సైట్‌లో ఏది కప్పుతారో దాన్నిబట్టే మీ టూర్ ప్లాన్ వేసుకోండి, రోడ్డు బాగున్న సైట్‌కి ఎక్కువసార్లు వెళ్ళి దూరపు సైట్ వదిలేయడం అందరూ చేసేదే.

స్టెప్ 4: మెటీరియల్ దిగగానే చూడండి

విపత్తు తర్వాత మెటీరియల్ కొరత ఉంటుంది, కొరత ఉన్నచోట నాసిరకం వచ్చేస్తుంది, ఇది ఎక్కడైనా ఒకటే.

సిమెంట్: తయారీ తేదీ చూడండి, మూడు నెలలు దాటిన బస్తాని టెస్ట్ లేకుండా వాడనివ్వకండి. బస్తాలో చెయ్యి పెడితే గడ్డలు తగిలాయా, వేళ్ళతో నలిపితే పొడి కాకపోతే అది పోయినట్టే. వరదనీళ్ళు తగిలిన బస్తాల్ని జల్లించి వాడతామంటారు, వద్దు. నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జరిపి పెట్టించండి, పది బస్తాల ఎత్తు దాటనివ్వకండి.

ఇసుక, నీళ్ళు: సముద్రం పొంగిన చోట పెద్ద సమస్య ఉప్పు. ఉప్పు కాంక్రీట్ బలాన్ని వెంటనే ఏం చేయదు, లోపల స్టీల్‌ని కొన్నేళ్ళలో తినేస్తుంది, కవర్ (స్టీలు మీద ఉండే కాంక్రీట్ పొర) ఊడి పెచ్చులు రాలాక గానీ ఎవరికీ తెలీదు. అనుమానం ఉంటే ఇసుకని మంచినీళ్ళలో కలిపి తేరిన నీళ్ళలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి, పాలలా తెల్లగా విరిగితే క్లోరైడ్, అంటే ఉప్పు, ఉన్నట్టు, అప్పుడు ల్యాబ్‌కి పంపండి. ఒండ్రు మట్టి కలిసిందేమో చూడాలంటే గాజు జారులో ఇసుక, నీళ్ళు పోసి ఊపి కొన్ని గంటలు వదిలేయండి, పైన మెత్తటి పొర మందంగా తేరితే ఆ లోడు వెనక్కి.

స్టీలు: ఇక్కడ మోసం తూకంలో ఉంటుంది. రాడ్డు మందాన్ని ఎంఎంలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు మీటరుకి 0.89 కేజీ, 16 ఎంఎం 1.58, 10 ఎంఎం 0.62, 8 ఎంఎం 0.395. ఒక మీటరు ముక్క కోసి తూచండి, స్టాండర్డ్ ఒప్పుకునే తేడా కన్నా తక్కువ వస్తే లోడు దింపనివ్వకండి, దింపాక వెనక్కి పంపడం చాలా కష్టం. పైపైన ఎర్రటి తుప్పు ఫర్లేదు, పొరలు పొరలుగా ఊడుతున్నా, గుంటలు పడ్డా వద్దు. కూలిన బిల్డింగుల్లోంచి పీకి సాపు చేసిన రాడ్లు కూడా వస్తాయి, వాటిని కాలమ్, బీముల దగ్గరికి రానివ్వకండి, ఒకసారి వంగి మళ్ళీ సాపైన రాడ్డు ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

స్టెప్ 5: మార్కింగ్, తవ్వకం

కర్ణాలు కొలవండి. నాలుగు మూలల మధ్య రెండు కర్ణాలు సమానంగా రాకపోతే బిల్డింగ్ వంకర, పది నిమిషాల పని, కానీ చాలా సైట్లలో చేయరు. బెంచ్‌మార్క్‌ని కదలని చోట పెట్టండి, వరద తర్వాత చాలా పాత బెంచ్‌మార్కులు కదిలి ఉంటాయి, అందుకని రెండోదానితో క్రాస్‌చెక్ చేయకుండా నమ్మకండి.

తవ్వకం అడుగు చూసేటప్పుడు లోతు కొలిచి వచ్చేయకండి. డ్రాయింగ్‌లో రాసిన లోతు వచ్చిందా అన్నది రెండో ప్రశ్న, అక్కడ తగిలింది గట్టి నేలేనా అన్నది మొదటిది. గుణపం దించి చూడండి, నాలుగు మూలలా ఒకేలా ఉందా, ఒక మూల వరద తెచ్చిన కొత్త ఒండ్రు మీద, మిగతా మూడు పాత నేల మీద ఉంటే బిల్డింగ్ ఒకవైపు కూర్చుంటుంది. మెత్తగా ఉంటే ఇంకా లోతుకి పోయి లీన్ కాంక్రీట్‌తో (సిమెంట్ తక్కువ ఉండే కాంక్రీట్) పైకి తేవాలి, తవ్విన మట్టే మళ్ళీ పోసి లెవెల్ చేయడం కుదరదు. ఇది డిజైనర్‌కి ఫోన్ చేసి అడగాల్సిన చోటు, మీరే తేల్చేయకండి, చెప్పిన జవాబుని మెసేజ్‌లోనైనా రాతగా తీసుకోండి.

గుంట లోతు ఒకటిన్నర మీటరు దాటితే పక్కలకి దన్ను పెట్టాలి లేదా వాలుగా తవ్వాలి, తవ్విన మట్టి అంచు నుంచి కనీసం రెండడుగుల దూరం పోయాలి. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది, ఛాతీ దాకా పూడినా మనిషికి ఊపిరి ఆడదు. నీళ్ళలో నానిన నేలయితే ఒకటిన్నర మీటరు దాకా కూడా ఆగకండి.

స్టెప్ 6: కాంక్రీట్ పోయకముందు

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే బిల్డింగులు కూలిన చోట శిథిలాల్లో మళ్ళీ మళ్ళీ కనబడేవి ఇవే.

కాలమ్ రింగులు, అంటే నిలువు రాడ్ల చుట్టూ కట్టేవి. వాటి చివర కొక్కెం 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీట్‌లోకి పోవాలి. 90 డిగ్రీలు వంచితే మామూలు రోజుల్లో ఏం కాదు, భూమి ఊగినప్పుడు మాత్రం కవర్ రాలిపోయి ఆ కొక్కెం తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక నిలువు రాడ్లు బయటికి ఉబ్బిపోతాయి. స్టీలు కట్టేవాళ్ళకి 135 వంచడం చిరాకు, టైమ్ పడుతుంది, కాబట్టి మొదటి కాలమ్ దగ్గరే నిలబడి ఒకటి సరిగ్గా చేయించి, దాన్ని నమూనాగా సైట్‌లో వేలాడదీయండి, మాటలతో చెప్పేకన్నా అది బాగా పనిచేస్తుంది. రింగుల దూరం కాలమ్ పైనా కిందా దగ్గర దగ్గరగా ఉండాలి, మధ్యలో కొంచెం ఎడం ఉండొచ్చు. బీమూ కాలమూ కలిసే చోట కూడా రింగులు ఉండాలి, అక్కడ చెయ్యి దూరదని వదిలేస్తారు, సరిగ్గా అక్కడే ఉండాలి అవి. కాలమ్ రాడ్ల జాయింట్ ఫ్లోర్ దగ్గర కాకుండా ఎత్తు మధ్య భాగంలో పెట్టించండి, అన్నీ ఒకే లెవెల్‌లో రాకుండా చూడండి.

కవర్ బ్లాకులు. ఫుటింగ్‌కి 50 ఎంఎం, కాలమ్‌కి 40, బీముకి 25, స్లాబుకి 20 అనేది తరచూ కనబడే లెక్క, సముద్రం పక్కన ఇంకా ఎక్కువ ఉంటుంది, మీ డ్రాయింగ్ ఏం చెప్తే అది. రాళ్ళ ముక్కలు, ఇటుక ముక్కలు పెట్టనివ్వకండి, బ్లాకులు ముందే పోయించి క్యూరింగ్ (తడిగా ఉంచి గట్టిపరచడం) చేయించుకోండి. స్లాబ్ రోజు పైన నడిచి నడిచి పై స్టీలంతా కిందకి అణిగిపోతుంది, ఛైర్లు (పై స్టీలుని ఎత్తి పట్టుకునే వంచిన రాడ్డు ముక్కలు) కట్టించడం, నడవడానికి చెక్కలు వేయించడం మర్చిపోకండి.

సెంట్రింగ్ (కాంక్రీట్ గట్టిపడేదాకా మోసే తాత్కాలిక అచ్చు) కింద దన్ను పెట్టే పోట్లు మట్టి మీద నేరుగా నిలబడితే వాన పడిన రాత్రి దిగిపోతాయి, కింద చెక్క ఉండాలి.

అన్నీ అయ్యాక ఫొటోలు. దూరం నుంచి ఒకటి తీసి వదిలేయకుండా టేపు పెట్టి దగ్గరనుంచి తీయండి, ఏ గ్రిడ్, ఏ ఫ్లోర్, ఏ తేదీ అని పలక మీద రాసి ఫ్రేములో పెట్టండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అన్ని కాలమ్‌ల ఫొటోలూ ఒకేలా ఉంటాయి.

స్టెప్ 7: కాంక్రీట్ రోజు

ఆ రోజు ఇంకో సైట్ పెట్టుకోకండి. మిక్సర్ దగ్గర గొడవ ఎప్పుడూ నీళ్ళ గురించే. వాటర్ సిమెంట్ రేషియో (సిమెంట్ బరువుకి నీళ్ళ బరువు నిష్పత్తి) 0.5 అనుకుంటే 50 కేజీల బస్తాకి 25 లీటర్లు, అందులోంచి ఇసుకలో అప్పటికే ఉన్న తడిని తీసేయాలి. వాన తర్వాత ఇసుక బాగా తడిసి ఉంటుంది, నిన్న పోసినన్ని నీళ్ళే ఇవాళ పోస్తే జారుడైపోతుంది. కొలత డబ్బా పెట్టించండి, పైపు పట్టుకుని పోసే పద్ధతి ఆపించండి. కాంక్రీట్ ఎంత జారుడుగా ఉందో చూసే స్లంప్ కోన్ 300 ఎంఎం ఎత్తు, మూడు పొరలు, పొరకి రాడ్డుతో 25 దెబ్బలు, రోజుకి ఒకసారి కాకుండా అనుమానం వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ తీయండి, ఖర్చేం లేదు దానికి.

బలం పరీక్షకి పోసే క్యూబులు 150 ఎంఎంవి, మామూలుగా 7 రోజులకి కొన్ని, 28 రోజులకి కొన్ని. 7 రోజుల బలం 28 రోజుల దానిలో దాదాపు మూడింట రెండు వంతులు వస్తే దారిలో ఉన్నట్టు. క్యూబుల కోసం ప్రత్యేకంగా మంచి మిక్స్ కలిపే అలవాటు ఉంది కొన్నిచోట్ల, అందుకని ఏ బ్యాచ్‌లోంచి తీయాలో మీరే, అప్పటికప్పుడు చెప్పండి. వైబ్రేటర్ సూదిని తొందరగా దించి నెమ్మదిగా లాగాలి, స్టీలుకి ఆనించకూడదు, రెండోది స్టాండ్‌బైగా ఉండాలి. ఒకటే వైబ్రేటర్ ఉండి అది ఆగిపోతే పోత మధ్యలో మీ దగ్గర ఏ దారీ ఉండదు, కాబట్టి రెండోది కళ్ళతో చూశాకే మొదలుపెట్టనివ్వండి.

క్యూరింగ్ కనీసం వారం, పొజొలానా సిమెంటయితే (ఫ్లై యాష్ లాంటివి కలిపింది) పది రోజులు. తాగునీళ్ళకే కటకటగా ఉన్న చోట ఇది నిజమైన సమస్య, జనం బిందెలతో లైన్‌లో ఉంటే మీరు స్లాబ్ మీద నీళ్ళు పారించలేరు, పారించకూడదు కూడా. తడి గోనెలు కప్పి పైన ప్లాస్టిక్ షీట్ పరిస్తే చాలా తక్కువ నీళ్ళతో అయిపోతుంది, తాగడానికి కాకపోయినా ఉప్పు లేని చెరువు నీళ్ళు కూడా టెస్ట్ చేయించి వాడొచ్చు. సెంట్రింగ్ విప్పే తేదీని రాసి గోడకి అంటించండి, పోట్లు కొరతగా ఉన్న రోజుల్లో పక్క సైట్‌కి కావాలని ముందే లాగేస్తారు. చిన్న స్పాన్ స్లాబ్ కింద పోట్లకి వారం, ఆరు మీటర్లు దాటిన బీముల కింద మూడు వారాలు, ఆ లెక్కలో మీ స్పెసిఫికేషన్ ఏం చెప్పిందో చూసుకోండి.

స్టెప్ 8: రోడ్లు, కల్వర్టులు, నీళ్ళ పైపులు

కల్వర్టులు పైనుంచి పోవు, కిందనుంచీ పక్కలనుంచీ పోతాయి. నీళ్ళు బయటికొచ్చే వైపు ఆప్రాన్ (నేల కోసుకుపోకుండా పరిచిన గట్టి పరుపు), దాని చివర లోతుగా కటాఫ్ గోడ (కింద మట్టి కోసుకుపోకుండా భూమిలోకి దించింది) ఉన్నాయా, డ్రాయింగ్‌లో చూపిన లోతు నిజంగా తవ్వారా అన్నది కాంక్రీట్ పడకముందే టేపుతో చూడండి. వంతెన నిలబడి ఉండి రెండు వైపులా అప్రోచ్ కొట్టుకుపోయిన ఫొటోలు ప్రతి వరద తర్వాతా చూస్తాం, గోడ వెనక నింపింది సరిగ్గా దిమ్మిస కొట్టకపోవడం దానికి ఒక పెద్ద కారణం. 150 నుంచి 200 ఎంఎం పొరలుగా నింపాలి, ప్రతి పొరా ప్రాక్టర్ డెన్సిటీలో (అదే మట్టిని ల్యాబ్‌లో దిమ్మిస కొట్టి తేల్చిన గరిష్ట సాంద్రత) 95 శాతం రావాలి. ఒకేసారి మీటరు ఎత్తు పోసి పైన రోలర్ తిప్పితే పైన ఒక అడుగు మందం మాత్రమే గట్టిపడుతుంది. నీళ్ళు బయటికి పోవడానికి గోడలో వదిలిన రంధ్రాల వెనక ఫిల్టర్ రాళ్ళు వేయకపోతే అవి కొన్నాళ్ళకి పూడిపోయి నీటి బరువంతా గోడ మీద పడుతుంది.

గేబియన్లయితే (రాళ్ళు నింపే తీగ జాలీ పెట్టెలు) రాళ్ళు బుట్టతో కుమ్మరించకుండా చేత్తో పేర్చాలి, జల్లెడ కన్నం కన్నా రాయి పెద్దదై ఉండాలి, ముందుకి ఉబ్బకుండా అడ్డం తీగలు కట్టాలి, వెనక జియోటెక్స్‌టైల్ (నీళ్ళు వదిలి మట్టిని ఆపే గుడ్డ) ఉండాలి.

పైప్‌లైన్ని మట్టి కప్పకముందే, జాయింట్లు కనబడుతుండగానే లైన్ మామూలుగా నడిచే నీటి ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి టెస్ట్ చేయించండి. కొత్త ట్యాంకుని లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో 24 గంటలు నింపి ఉంచి పారబోయాలి, అంటే ప్రతి వెయ్యి లీటర్లకి 70 శాతం క్లోరిన్ పౌడరయితే సుమారు 71 గ్రాములు, 33 శాతం బ్లీచింగ్ అయితే 150 గ్రాములు. ఆ నీళ్ళు ఎవరూ పట్టుకెళ్ళకుండా మనిషిని కాపలా పెట్టండి, ఇది తమాషాకి చెప్పట్లేదు, నీళ్ళ కోసం ఎదురుచూసే జనం ట్యాంక్ నిండటం చూస్తే ఆగరు. కుళాయి ఎక్కడ పెట్టాలో స్ఫియర్ ప్రమాణాలు (విపత్తు సాయంలో సంస్థలు పాటించే కనీస ప్రమాణాలు) ఒక ఆధారం: మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, ఒక కుళాయికి 250 మంది, ఇంటి నుంచి 500 మీటర్లకి మించని దూరం. ఖచ్చితమైన చోటు మాత్రం నీళ్ళు మోసే ఆడవాళ్ళని అడిగే తేల్చండి, రాత్రిపూట ఎటు వెళ్ళడానికి భయమో వాళ్ళకే తెలుసు.

స్టెప్ 9: కాగితాలు

సైట్ ఆర్డర్ బుక్, రోజు డైరీ, కొలతల పుస్తకం, పని ఆగిన రోజుల రిజిస్టర్, ఈ నాలుగూ చాలు. నోటితో చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటా సాయంత్రానికి ఆర్డర్ బుక్‌లో ఎక్కాలి, కాంట్రాక్టర్ మనిషి సంతకం పెట్టాలి. కప్పేసే పనుల కొలతలు ఇద్దరూ కలిసే తీయండి, బిల్లు వచ్చినప్పుడు పునాది లోతు మీద గొడవ పడితే తవ్వి చూడలేరు కదా. పని ఆపించాల్సి వస్తే అరవకండి, రెండు లైన్లు రాసి ఇవ్వండి: ఏది తప్పు, ఏ క్లాజు లేదా ఏ డ్రాయింగ్ ప్రకారం, ఏం చేస్తే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మూడోది రాయకపోతే అది ఆజ్ఞ లాగా ఉంటుంది తప్ప పని ముందుకి పోదు. మీ పై ఆఫీసర్‌కి అదే గంటలో కాపీ పంపండి, అవతలివాళ్ళ ఫోన్ కన్నా ముందు మీ కాగితం చేరాలి.

ఇంకో మాట. సైట్‌లో పనిచేసేవాళ్ళలో చాలామంది ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళే అయి ఉంటారు. మధ్యలో సాయం లిస్టులో పేరు రాయించుకోవడానికి, శవసంస్కారాలకి వెళ్తారు, ఆ రోజులు ప్రోగ్రామ్‌లో ముందే పెట్టుకోండి. కూలి డబ్బులు వారం వారం అందుతున్నాయో లేదో అప్పుడప్పుడు అడగండి, అందకపోతే మేస్త్రీ మారిపోతాడు, కొత్తాయనకి 135 డిగ్రీల కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి.

స్టెప్ 10: హ్యాండోవర్, తర్వాత మొదటి వాన

అప్పగించే ముందు వాడేవాళ్ళని వెంటబెట్టుకుని తిరగండి, టీచర్ గానీ నర్సు గానీ పంప్ ఆపరేటర్ గానీ. తలుపు ఎటు తెరుచుకుంటుంది, వాల్వ్ ఎక్కడుంది, వీల్‌ఛైర్ ర్యాంప్ 1:12 వాలు కన్నా నిటారుగా ఉందా, ఇవి వాళ్ళ కళ్ళకి తొందరగా పడతాయి. ఎలా కట్టారో అలా గీసిన డ్రాయింగ్, పైపులు కేబుళ్ళు ఎక్కడ పోయాయో సహా, ఒక కాపీ ఆ బిల్డింగ్‌లోనే ఉంచండి.

డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (లోపాల్ని కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) నడుస్తుండగా మొదటి పెద్ద వాన పడిన రోజు లేదా మర్నాడు తప్పకుండా వెళ్ళండి, ఎండాకాలంలో పదిసార్లు వెళ్ళినా కనబడనివి ఆ ఒక్కరోజు కనబడతాయి. స్లాబ్ మీద నీళ్ళు ఎక్కడ నిలిచాయి, ప్లింత్ చుట్టూ మట్టి ఎక్కడ కుంగింది, కల్వర్ట్ దిగువన గుంట పడుతోందా, గోడ రంధ్రాల్లోంచి నీళ్ళు తేటగా వస్తున్నాయా లేక మట్టి రంగులో వస్తున్నాయా. మట్టి రంగులో వస్తుంటే లోపలి ఫిల్టర్ పనిచేయట్లేదు, వెనక నింపింది కొట్టుకొస్తోంది, వెంటనే రాసి కాంట్రాక్టర్‌కి పంపండి, ఫొటోలతో, రిటెన్షన్ డబ్బు (కాంట్రాక్టర్ బిల్లుల్లోంచి ఆపి ఉంచింది) రిలీజ్ అవ్వకముందే.